వద్దు

కోఠిల బ్యాంక్ స్ట్రీట్ మలుపు మీద
నాలుగడుగుల షాపు నాది.
జిరాక్స్, స్పైరల్, లామినేషన్.
పొద్దుగాల మిషన్ వేడెక్కేదాక చాయ్ తాగుత.
ఆ తర్వాత పట్నం బతుకులన్నీ
నా చేతుల మీదికెళ్లే పోతయి:
పుట్టినోళ్ల కాయితాలు, పాసైనోళ్ల మెమోలు,
చచ్చిపోయిన పెనిమిటి పేరును వేలితోని తడుముకుంట
పింఛను కోసమొచ్చిన ఆమె కాయితం గుడ.
"అన్నా, బుడగలు రావద్దు" అంటరు అందరు.
రానియ్య. ఇరవై రెండేండ్ల చెయ్యి.

నా కొడుకు కాయితం ఒక్కటే
లామినేషన్ చెయ్యలే.

సదరం సర్టిఫికెట్.
నిహాంత్, వయసు ఆరు, శాతం డెబ్బై.
ఫొటోల వాడు కెమెరా దిక్కు చూడలే,
ఎక్కడో గోడ మీద తిరిగే ఫ్యాను నీడను చూస్తున్నడు.
నాలుగు మడతలు పెట్టి
షాపుల లక్ష్మీదేవి పటం వెనక దోపిన.
కాయితమంటే చినుగుతది, తడుస్తది, చెదలు తింటది.
ప్లాస్టిక్‌ల పెడితే ఇగ ఎప్పటికీ పోదు.

"మగపిల్లలకు మాట లేటు" అన్నది మా అమ్మ.
"మీ చిన్నాయిన ఐదేండ్లదాక నోరు తెరవలే,
ఇప్పుడు మూస్తున్నడా?"
ఆ చిన్నాయిననే పట్టుకొని నేను రెండేండ్లు వేలాడిన.
సబిత మాత్రం నాతోని వాదం పెట్టుకోలే.
చైతన్యపురిల మెట్రో ఎక్కి
మలక్‌పేటల నజ్మా మేడం కాడికి
వారానికి మూడు రోజులు పిల్లగాన్ని తీసుకపొయ్యేది.
ఆ ఫీజును నేను లెక్కల బుక్కుల
ట్యూషన్ అని రాసుకున్న.

మొన్న ఆషాఢంల, వానకు గిరాకి లేని పగలు,
సబిత షాపుకొచ్చి కౌంటర్ మీద ఒక కట్ట పెట్టింది.
బొమ్మలు.
గ్లాసు. ఇడ్లీ. ఊయల. కడుపునొప్పి.
లైటు ఆపు. ఇంకా. చాలు. వద్దు.
"వీటితోని మాట్లాడతడట."
"బొమ్మలలవాటైతే మాటెప్పుడొస్తది?" అన్న.
ఆమె నన్ను చూడలే, మిషన్‌ను చూసింది.
"ఊరందరి కాయితాలకు వేడి చేస్తవ్ గద" అన్నది.

ముప్పై ఆరు బొమ్మలు.
నడుమ కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
మూలలు గుండ్రంగ కత్తిరించిన,
వాడు నోట్ల పెట్టుకుంటే గుచ్చుకోవద్దని.
'నాయిన'కు బొమ్మ లేకుండె.
డ్రాయర్‌ల మిగిలిన నా పాస్‌పోర్టు ఫొటో అతికించిన.
బుడగ ఒక్కటి రాలే.

రాత్రి అన్నం కాడ
రోజు లెక్కనే పెరుగన్నం కలిపిన.
నాలుగేండ్ల సంది నేనే కలుపుత, నేనే తినిపిస్త.
వాడు తల తిప్పుతడు, ఒర్రుతడు,
గోడకేసి నెత్తి కొట్టుకుంటడు.
మొండితనమనుకున్న.
దిష్టి అనుకొని మిరపకాయలు తీసినం.
రెండు చేతులు పట్టుకొని మింగించినం.

వాడు ముద్దను చూసిండు.
చాప మీది బొమ్మలను చూసిండు.
ఒకటి నోట్ల పెట్టుకొని, తీసి,
నా ఎడమ చేతుల పెట్టిండు.

వద్దు.

ఫ్యాను తిరుగుతనే ఉన్నది.
ఆరేండ్లకు నా కొడుకు నాతోని మాట్లాడిండు.
కాదన్నడు.
నాయినా అంటడని
చెవులు తెరుచుకొని కూసున్నోన్ని,
మాట వచ్చి అరచేతుల పడ్డది.
ఎంగిలికి తడిసి ఉన్నది.
అంగీకి తుడిచిన. అక్షరం చెదరలే.

ఎన్నేండ్లాయెరా ఇది చెప్పవట్టి, అని
అడగడానికి నా కాడ బొమ్మ లేదు.
గిన్నె పక్కకు జరిపిన.
సబిత గబగబ వంటింట్లకు పోయింది,
పొద్దుటి ఇడ్లీ మిగిలిందేమో చూడనీకి.
శానసేపటిదాక రాలే.

నా ఫొటో బొమ్మను వాడింకా తియ్యలే.
తీసినరోజు తీస్తడు.

తెల్లారి పటం వెనక నుంచి కాయితం గుంజిన.
మడతల కాడ తెల్లగ అరిగింది.
మిషన్ల రెండుసార్లు నడిపినా
గీతలు గీతల లెక్కనే ఉన్నయి.
అట్లనే తీసుకొని బస్ పాస్ కౌంటర్‌కు పోయినం.
నిహాంత్ నా చంకలకెళ్లి
పైన తిరిగే ఫ్యానును చూస్తున్నడు.
లోపల మనిషి సర్టిఫికెట్‌ను అటిటు తిప్పి
"ఇంత కొత్త ప్లాస్టిక్‌ల ఇన్ని ముడతలేందయ్యా?" అన్నడు.

"నాకు లేటయింది సార్" అన్న.